పప్పన్నం డబ్బా

ఉడికిన గుడ్లను చన్నీళ్లలో వేసి, అవి చల్లారేలోగా రిబ్కా పప్పన్నం కలిపింది. తిరువూరు శివారు అంగన్‌వాడీలో ఆమె ఆయా. పొట్టి మనిషి. ఏళ్ల తరబడి మిరపకాయలు కోసిన వేళ్లు ఇప్పటికీ పూర్తిగా సాగవు. టీచర్ కరుణశ్రీతో చెప్పి, ఒక గుడ్డూ పప్పన్నమూ పాత స్టీలు డబ్బాలో సర్దుకుని బయలుదేరింది.

బాలింతలు కేంద్రానికి వచ్చి తినాలి. కొత్త బాలింత వినీల పథ్యంలో ఉంది, గడప దాటదు. అందుకని మొదట్లో గుడ్లు వినీల తల్లి చేతికిచ్చి వచ్చేది. అదే రిబ్కా చేసిన పొరపాటు. అవి అల్లుడి కూరలోకి వెళ్లాయి. వినీలకు వెల్లుల్లి కారం, పిడికెడు అన్నం, గుక్కెడు వేన్నీళ్లు. తెలిశాక రిబ్కా గుడ్లు తల్లి చేతికివ్వడం మానేసింది. డబ్బాతో లోపలికే వెళ్లి కూర్చోసాగింది.

ఇవాళ రిబ్కా వెళ్లేసరికి వినీల గోడవైపు తిరిగి పడుకుని ఉంది. పక్కన బిడ్డ ఏడుస్తున్నా చూడలేదు. ఎవరి దిష్టో తగిలిందని తల్లి అంది.

"దిష్టి కాదమ్మా. నాకూ వచ్చింది ఇది. రేపు నర్సమ్మతో పెద్దాసుపత్రికి తీసుకెళ్దాం."

తొలి కాన్పు తర్వాత రిబ్కా కూడా అలాగే పడుకుంది. దయ్యమన్నారు, ప్రార్థనలు చేయించారు. పక్కింటి చిట్టెమ్మ మాత్రం రోజూ పప్పన్నం తెచ్చి, తినేదాకా కోళ్ల కబుర్లు చెబుతూ కూర్చునేది.

రిబ్కా బిడ్డను ఒళ్లోకి తీసుకుంది. "మా పుంజు పొద్దెక్కితే గానీ కుయ్యదు పిల్లా. అచ్చం మా ఆయనే."

వినీల ఇటు తిరిగింది. కాసేపటికి సగం గుడ్డు తింది.

"మిగిలింది సాయంత్రం తిను. డబ్బా రేపు తీసుకుంటాలే."

రిబ్కా కేంద్రానికి వెళ్లి గిన్నెలు తోమింది, గది ఊడ్చింది. గుండెల్లో మంటగా ఉందని ఇంటికెళ్లి తొందరగా పడుకుంది. తెల్లవారి లేవలేదు.

మధ్యాహ్నం నర్సును వెంటబెట్టుకుని కరుణశ్రీ వినీల ఇంటికి వచ్చింది. వినీల లేచి గోడకు ఆనుకుని కూర్చుని ఉంది.

"ఆయమ్మ రాలేదేంటండీ?"

ఇన్నాళ్లలో తనంతట తాను అడిగిన మొదటి మాట అది. కరుణశ్రీ పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని, ఉన్న సంగతి చెప్పింది. వినీల చాలాసేపు ఏడ్చింది. ఆటో వచ్చాక బిడ్డను తానే ఎత్తుకుంది.

వంటింటి కిటికీలో డబ్బా ఖాళీగా, కడిగి బోర్లించి ఉంది. పక్కనున్న మూత మీద చుక్కలతో కొట్టిన పేరు చిట్టెమ్మది.