జారిపోయిన నాలుగు వాక్యాలు

ఆ ప్రచురణ సంస్థలో ప్రూఫులు దిద్దే పెద్దాయన్ని అందరూ డేగకన్ను అనేవారు. ఊరికే వచ్చిన పేరు కాదది. ఇరవై ఆరేళ్ళలో ఆయన కన్నుగప్పి ఒక్క కామా కూడా బయటపడలేదు. అలాంటి మనిషి, ఏ రచయిత్రి పుస్తకమంటే ప్రాణం పెడతాడో ఆవిడ నవల్లోనే బొక్కబోర్లా పడ్డాడు. ఏం చెప్పమంటారు!

పదకొండో అధ్యాయం చివర నాలుగు వాక్యాలు కంపోజింగులో ఎగిరిపోయాయి. రాతప్రతి పక్కనే ఉంది, అటు చూస్తేనా! కథలో పడి కొట్టుకుపోయాడు. మూడుసార్లు చదివాడు, మూడుసార్లూ గమనించలేదు. వెయ్యి కాపీలు అచ్చయి కూర్చున్నాయి.

"నీ కళ్ళకేమొచ్చిందయ్యా?" యజమాని మండిపడ్డాడు. "ఆవిడ వస్తోంది. నువ్వే సమాధానం చెప్పుకో. ఆవిడ కాదంటే మాత్రం రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు."

డేగకన్నుకు ఉద్యోగం పోవడం ఒక ఎత్తు, ఆవిడ ముందు తలదించుకోవడం ఒక ఎత్తు. ఆవిడ నవల లోకం చేతికి రాకముందే తను చదివేస్తున్నానని లోలోపల మురిసిపోయే మనిషాయన.

రచయిత్రి వచ్చి, కుర్చీ లాక్కుని కూర్చుని, పుస్తకం తెరిచి ఆయన ముందు పెట్టింది.

"ఆరేళ్ళుగా మాటల్లేని కూతురి గుమ్మంలో తల్లి నిలబడింది. పేజీ తిప్పితే ఇద్దరూ కూర్చుని బట్టలు మడతపెడుతున్నారు. మధ్యలో ఏమైందని మీకు అనుమానం రాలేదా?"

"రాలేదమ్మా. ఏమైందో నాకు తెలుసుగా!"

యజమాని తల పట్టుకున్నాడు.

"ఏమైంది?" అందావిడ.

"కూతురు పలకలేదు. తల్లి చేతిలో సంచి అందుకుని లోపలికి నడిచింది. అంతే కదమ్మా? మా చెల్లెలూ అంతే చేసింది. తొమ్మిదేళ్ళ తర్వాత వెళ్ళాను. దారి పొడుగునా మాటలు కూడబలుక్కున్నాను. ఒక్కటీ చెప్పనివ్వలేదు, సంచి లాక్కుంది." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మిగతావాళ్ళ పుస్తకాల్లో నాకు అక్షరాలే కనబడతాయి. మీ పుస్తకం తెరిస్తే మావాళ్ళు కనబడతారు. ఇంక తప్పులెక్కడ వెతకను తల్లీ?"

రచయిత్రి పుస్తకం తనవైపు తిప్పుకుని ఆ పేజీ మళ్ళీ చదివింది.

"నేను రాసింది అది కాదు," అంది చివరికి. "తల్లి చేత క్షమాపణ చెప్పించాను. పన్నెండుసార్లు తిరగరాశాను, ఒక్కసారీ నచ్చలేదు. ఎందుకో ఇప్పుడు తెలిసింది."

సవరణ చీటీలు అంటిస్తామన్నాడు యజమాని.

"అక్కర్లేదు, ఇలాగే పంపండి. ఈయన్ని మాత్రం ఇకమీదట నా ప్రూఫులు ముట్టుకోనివ్వకండి."

డేగకన్ను ప్రాణం ఉసూరుమంది.

ఆవిడ వెంట తెచ్చిన కాగితాల కట్టను ఆయన ముందుకు జరిపింది. కొత్త నవల, ఇంకా సగమే అయింది. ఆయన అలవాటుకొద్దీ ఎర్ర పెన్ను అందుకోబోతే ఆవిడ దాన్ని లాగి పక్కన పెట్టేసింది.

"వట్టి చేతుల్తో చదవండి అన్నయ్యా. ఎక్కడైనా అక్షరాలు కనబడితే, అది నాకు చెప్పండి."