నిదానం గారి ఎడమ అద్దం

పొద్దున్నే డిపోలోంచి బయటికొచ్చే మొదటి బస్సు ఆమెదే. పదకొండేళ్లుగా అదే రూటు. అందరూ డ్రైవరక్క అంటారు. ఎక్కేవాళ్లు రెండు కాళ్లూ లోపల పెట్టేదాకా బండి కదల్చదు. ఇంత ఓపిక ఎక్కడ నేర్చావక్కా అంటే, "మా నాన్న లారీలో" అంటుంది.

వాళ్ల నాన్న తన సర్వీసు మొత్తంలో ఒక్క బండినీ తొందరపడి దాటలేదు. అందుకే దారి పొడవునా ఆయనకి 'నిదానం' అన్న పేరు స్థిరపడిపోయింది. ఆ లారీ ఎడమ అద్దంలో వెనకాలున్న దారి కనిపించేది కాదు. ఎప్పుడో దాటొచ్చిన దారి కనిపించేది. బయట ఎండ మండిపోతుంటే అందులో వాన కురిసేది. గాజు మూడుసార్లు మార్పించాడు. కొత్తదీ మర్నాటికల్లా పాత దారే పట్టింది. మెకానిక్కు "కొన్ని బండ్లంతేనండీ" అని చేతులు తుడుచుకున్నాడు. ఏటేటా తనిఖీకొచ్చే ఇన్‌స్పెక్టరు కుడి అద్దం చూసి సంతకం పెట్టేవాడు.

ఆమెకి ఆరేళ్లప్పుడు తల్లి జబ్బు చేసి పోయింది. పిల్లని ఎవరి దగ్గరా వదలబుద్ధి కాక నిదానం లారీలోనే ఎక్కించుకున్నాడు. అలా మూడేళ్లు తిరిగారు. దుకాణాల బోర్డులు చూసి అక్షరాలు వచ్చాయి, మైలురాళ్లు చూసి తీసివేతలు వచ్చాయి. ఎత్తు ఎక్కేటప్పుడు ఏ గేరులో ఇంజను ఎలా మూలుగుతుందో వాటికంటే ముందే వచ్చేసింది. లోడు దించేచోట కూలీలు ఆమెని బస్తాల మీద కూర్చోబెట్టి, "లెక్క చెప్పు మేస్త్రమ్మా" అని నవ్వేవారు.

కిటికీ పక్క సీటు ఆమెది గనక ఎడమ అద్దమూ ఆమెదే. అప్పుడప్పుడు అందులో నాన్న పెళ్లైన కొత్తలో అమ్మతో తిరిగిన దారి వచ్చేది. కిటికీ మీద ఆనించిన మోచెయ్యి, గాలికెగిరే జుట్టు, అంతే. "నాన్నా, అమ్మ చెయ్యి!" అని అరిచేది. నిదానం బండిని ఇంకా నిదానం చేసేవాడు.

తొమ్మిదో ఏట నడిదారిలో జ్వరం ముంచుకొచ్చింది. డాక్టరున్న ఊరు చేరేసరికి పిల్ల కాలిపోతోంది. జ్వరం తగ్గింది గానీ నిదానం గుండె మాత్రం చెదిరిపోయింది. ఆ నెలలోనే మేనత్త ఇంటికి తీసుకెళ్లి దించాడు. "బడికెళ్లు తల్లీ, అత్త చెప్పినట్టు విను" అని తల నిమిరి బండెక్కాడు. ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. లారీ దర్జీ కొట్టు దగ్గర మలుపు తిరిగిపోయింది.

మేనత్త ఏ లోటూ చేయలేదు. నాన్న నెలనెలా వచ్చి చూసిపోయేవాడు. చదువు, ఉద్యోగం, మంచి మొగుడు, అన్నీ అమిరాయి. తలుచుకుంటే ఎవరికి దణ్ణం పెట్టాలో తెలిసేది కాదు. అయినా ఆ వెనక్కి చూడకపోవడం ఒక్కటే ముల్లులా లోపల ఉండిపోయింది.

ఇప్పుడు నిదానం చూపు మందగించింది. లారీని ఇటుకల బట్టీ యజమాని తీసుకుంటానన్నాడు. నిదానం రిటైరైన డ్రైవర్ల వసతిలో ఒక మంచం మాట్లాడుకున్నాడు. ఆమె మాటవరసకి మా ఇంటికి రండి అంది. ఆయన మాటవరసకి వద్దులేమ్మా అన్నాడు. మాట అక్కడే ఆగిపోయింది.

ఆమె సెలవు పెట్టి, లారీ అప్పగించడానికి తనే నడుపుకుంటూ బయల్దేరింది. పక్క సీట్లో ఒళ్లో బట్టల సంచితో నాన్న. ఊరు దాటాక ఎడమ అద్దంలోకి చూసి బ్రేకు నొక్కింది.

"నాన్నా, అద్దంలో ఏముందో కనిపిస్తోందా మీకు?"

"నాకు రోడ్డే కనపడి చావట్లేదు, ఇంక అద్దమా! ఏంటి, వానా?"

"దర్జీ కొట్టు. అత్త వాళ్ల మలుపు."

"ఆ వీధికి ఎన్నిసార్లు రాలేదమ్మా!"

"వీధి వెనక్కి పోవట్లేదు. ఆగి ఉంది."

లారీని రోడ్డు పక్కన ఆపింది. అద్దం మాత్రం తన పని తాను చేసుకుపోతోంది. చూస్తుండగానే కొట్టు నీడ చిన్నదై, మళ్లీ పెద్దదైంది. పచ్చ శాలువా కప్పుకుని మేనత్త వచ్చింది, చేతిలో మూతపెట్టిన కంచం. కాసేపటికి ఆ కంచం మూత తీయకుండానే వెనక్కి పట్టుకెళ్లింది. ఆ శాలువాలో మొహం దాచుకునే కదా నాన్న దించి వెళ్లిన పొద్దున తను ఏడ్చింది! సాయంత్రం దర్జీ కొట్టు మూశాడు. మేనత్త ఇంకోసారి వచ్చి ఏదో చెప్పి వెళ్లింది. అప్పుడు గానీ ఆ కొట్టు గోడ మెల్లగా దూరం కాలేదు.

"పొద్దున్నే దించేసి పోయారు కదా. కొట్టు మూసేదాకా అక్కడేం చేశారు?"

నిదానం సంచి ముడి విప్పి మళ్లీ వేశాడు. "బ్యాటరీ దిగిపోయిందమ్మా."

"నిజం చెప్పు నాన్నా. నువ్వెందుకు ఆగావ్?"

ముప్ఫై ఏళ్లుగా 'మీరు' అంటున్న కూతురు 'నువ్వు' అనేసరికి ఆయన సంచి ముడి వదిలేశాడు.

"వెనక్కి చూస్తే ఎక్కించుకుపోతానని తెలుసు. మలుపు తిరిగాక కాలు క్లచ్ మీద ఆనలేదు. నీ ఏడుపు వినిపిస్తే వెనక్కొద్దామని కూర్చున్నా. వినిపించలేదు. చివరికి అక్కయ్యొచ్చి 'తిని పడుకుందిరా, ఇంక పో' అంది."

"నీ బండి ఇంకా దూరం పోలేదేమో, వినపడితే దిగులుపడతావని దిండు నోట్లో కుక్కుకున్నా."

నిదానమే ముందు నవ్వాడు. "ఇద్దరం ఇద్దరమే" అన్నాడు కళ్లు తుడుచుకుంటూ.

లారీ అప్పగించారు. "ఎడమ అద్దం సంగతి..." అని ఆమె మొదలెట్టేలోపే, "విన్నాన్లేమ్మా, కుడిది ఉందిగా" అన్నాడు బట్టీ యజమాని.

రోడ్డు మీదికొచ్చి నిలబడ్డారు. వసతికెళ్లే బస్సు వచ్చింది, ఆగింది, వెళ్లిపోయింది. రెండోది వచ్చింది. ఆమె నాన్న చేతిలోంచి సంచి తీసుకుంది.

ఆయన తలెత్తి బోర్డు వైపు కళ్లు చిట్లించాడు. "ఇది మనం ఎక్కాల్సిన బస్సు కాదేమోనమ్మా?"

"బోర్డు నేను చదివాన్లే. ఇల్లు ఇరుకే, సర్దుకుందాం. ఎక్కు నాన్నా."