నాన్నగారి కుడిచెవి

హోరు.

లాకుల దగ్గర నీళ్ళ హోరు. తలుపుల మీదుగా పొర్లి, కిందికి దూకి, తెల్లగా విరిగి, ఆపైన ఏమీ ఎరగనట్టు కొబ్బరితోటల మధ్యకి సాగిపోయే కాలువ. అక్కడ గట్టు మీద గడ్డి ఎప్పుడూ తడిగానే ఉంటుంది. నిలబడితే తుంపర మొహాన పడుతుంది.

తెల్లవారేసరికి ఆ గట్టు మీద ఒక మనిషి ఉంటాడు. పక్కన సైకిలు. కళ్ళు మూసుకుని, గుండెల నిండా ఊపిరి తీసుకుని, గొంతెత్తి వేదం చెబుతూ ఉంటాడు. మెడ నరాలు ఉబ్బుతాయి. పెదవులు కదులుతాయి.

ఒక్క అక్షరం ఎవరికీ వినపడదు.

అందుకే అక్కడికి వస్తాడు.

పేరు బాలగంగాధరం. అమలాపురం కరెంటాఫీసులో గుమాస్తా. అమలాపురానికి సైకిలు దూరంలో ఉన్న అగ్రహారంలో ఇల్లు. శరభయ్య ఘనపాఠి గారి ఒక్కగానొక్క కొడుకు.

శరభయ్య గారి గొంతు గురించి చెప్పాలి. చలికాలం పొద్దుట ఆయన అరుగు మీద కూర్చుని మొదలుపెడితే, అరకలు తోలుకుని పొలం పోయే రైతులు వీధి చివర ఎడ్లని ఆపేసేవారు. అర్థం తెలిసి కాదు. ఆ గొంతు దాటిపోవడానికి కాళ్ళు రాక.

ఆ గొంతు దగ్గరే గంగాధరం నేర్చుకున్నాడు. తండ్రి ఒకసారి చెబితే కొడుకు రెండుసార్లు చెప్పాలి. దాన్ని సంత అంటారు. ఒడుగు అయిన మర్నాటి నుంచీ సంత. ఆటలు లేవు, ఆదివారాలు లేవు. తప్పొస్తే తిట్టడాలూ లేవు... తప్పు రాగానే శరభయ్య గారు ఆగిపోయేవారు. అంతే. సరిచేసుకునేదాకా అలా చూస్తూ ఉండేవారు.

ఇంకా చాలామంది చెప్పుకున్నారు ఆ అరుగు మీద. ఒకడు బ్యాంకులో చేరాడు. ఒకడు భిలాయి వెళ్ళిపోయాడు. ఆ చదువు పూర్తిగా దిగింది ఒక్క గంగాధరంలోనే. తను ఎందుకు పుట్టాడో అతనికి తెలుసు. కరెంటు బిల్లులు రాయడానికి మాత్రం కాదు. ఎంతమందికి తెలుస్తుంది ఆ సంగతి? తెలిసినవాడు ఏం చేశాడు? తీసుకెళ్ళి నీళ్ళ హోరులో కలిపేశాడు.

భయం.

డెబ్బై మూడో సంవత్సరం మాఘమాసంలో పుట్టింది ఆ భయం. రామచంద్రపురం అవతల ఒక ఊళ్ళో సభ. కొబ్బరాకు పందిరి. గంధం వాసన. శాలువాలు కప్పుకుని వరసగా పండితులు. "మా అబ్బాయి చెబుతాడండీ" అన్నారు శరభయ్య గారు. ఆ మాటలో ఎంత గర్వం! ఆ గర్వం ఇప్పటికీ గంగాధరం చెవుల్లో ఉంది.

బాగానే మొదలుపెట్టాడు. బాగానే సాగింది. మధ్యలో ఎందుకో కళ్ళు తెరిచాడు.

అందరూ వింటున్నారు.

ఎదురుగా ఒక ముసలాయన, చెవి దగ్గర చెయ్యి అడ్డం పెట్టుకుని, ముందుకి వంగి, ఒక్క స్వరం జారిపోకుండా వింటున్నారు. ఆయన మొహంలో ఎంతో ఆపేక్ష. ఆ సభలో ఎవరూ అతని చెడు కోరలేదు. అయినా ఆ వినడం చూసేసరికి నాలుక పిడచగట్టుకుపోయింది. తరవాతి మాట తెలుసు. నోట్లోనే ఉంది. బయటికి రాలేదు.

ఎంతసేపు నిలబడ్డాడో తెలియదు. పక్కనుంచి తండ్రి గొంతు అందుకుంది. ఆగినచోటి నుంచి చివరిదాకా తీసుకుపోయింది. సభ మెచ్చుకుంది... తండ్రిని.

తిరిగొచ్చేటప్పుడు కోటిపల్లి రేవులో ఏరు దాటించే పంటు ఎక్కారు. గోదారి మీద ఎండ. ఇసుక తిన్నెల మీద కొంగలు. శరభయ్య గారు నీళ్ళకేసి చూస్తూ కూర్చున్నారు. ఒక్క మాట అనలేదు. ఇంటికొచ్చాకా అనలేదు. మర్నాడూ అనలేదు. తిట్టినా బాగుండేది. అననివాళ్ళ మాటలన్నీ మనమే అనుకుంటాం కదా... గంగాధరం అన్నీ అనుకున్నాడు. పరువు తీశానన్నాడు. వంశానికి పనికిరానివాణ్ణన్నాడు. అవన్నీ నాన్నగారే అన్నారని నమ్మాడు.

ఆ తరవాత ఎవరైనా వింటూంటే ఆ గొంతు పెగల్లేదు. మామూలు మాటలకేం లోటు లేదు. ఆఫీసులో నవ్వుతాడు, నవ్విస్తాడు, బజారులో వంకాయలు గీచి గీచి బేరమాడతాడు. అది మాత్రం రాదు. పెళ్ళయింది. శ్యామలాంబ కాఫీ గ్లాసుతో గుమ్మంలోకొస్తే పెదవులు బిగుసుకుపోయేవి. ఇన్నేళ్ళ కాపరంలో ఆవిడ భర్త వేదం చెప్పే గొంతు వినలేదు.

తండ్రి అడగలేదు. కొడుకు చెప్పలేదు. ఒకే ఇంట్లో, ఒకే చూరు కింద.

ఒక్కసారి అడిగారు. చలికాలంలో ఆయాసం మొదలైన కొత్తలో. మంచం మీద దిండుకి ఆనుకుని, రొప్పుతూ —

"గంగాధరం... నేను పోయేటప్పుడు నా చెవిలో చెప్పేది నువ్వే. అరువు తెచ్చిన గొంతు నాకొద్దు."

వేదం చెప్పుకునే ఇళ్ళలో ఆచారం అది. ప్రాణం పోయే వేళ కొడుకు తండ్రి కుడిచెవి దగ్గర నోరు పెట్టి, అప్పుడు చెప్పవలసిన పనసలు చెబుతాడు. పనస అంటే వేదంలో ఒక చిన్న భాగం. అవి వింటూ వెళ్ళాలి. బతుకంతా వేదం చెప్పిన మనిషికి అది చివరి అన్నం ముద్ద లాంటిది.

"అలాగే నాన్నగారూ."

అలాగే అన్నాడు. అప్పటినుంచీ లాకుల దగ్గర ఆ పనసలే. రోజూ అవే. నీళ్ళు వింటున్నాయి. నీళ్ళకి మొహం ఉండదు. నీళ్ళ ముందు అతను శరభయ్య ఘనపాఠి గారి కొడుకు.

ఏప్రిల్ నెలలో లస్కరు సింహాద్రి, లాకుల తలుపులు చూసుకునే మనిషి, బీడీ ఆర్పి దగ్గరికొచ్చాడు.

"వచ్చే వారం కాలవ కట్టేత్తారండి పంతులుగారూ. మళ్ళీ జూన్‌లోనే నీళ్ళు."

"ఊఁ."

"పొద్దున్నే వచ్చి ఏదో సదువుతారు గదండీ తవరు. ఈ హోరులో ఒక్క ముక్క ఇనపడి సావదండి."

"వినపడకూడదనేనయ్యా."

"ఆయ్... అదేం సదువండి బాబూ!" అని నవ్వుకుంటూ పోయాడు సింహాద్రి. గంగాధరం కూడా నవ్వాడు. ఆ నవ్వు సైకిలెక్కేదాకా కూడా నిలవలేదు.

కాలువ కట్టేశారు.

నీళ్ళు వెళ్ళిపోయాయి. అడుగున నల్లటి ఒండ్రు, నాచు, ఎండకి నోరు తెరిచిన బురద. పిల్లలు గుంటల్లో చేపలు దేవుకుంటున్నారు. గంగాధరం వెళ్ళాడు, అలవాటు కొద్దీ. గట్టు మీద నిలబడి నోరు తెరిచాడు. ఆ నిశ్శబ్దంలో తన గొంతు తనకే వినపడింది. ఎవరో పిలిచినట్టు ఉలిక్కిపడ్డాడు. సైకిలు తిప్పుకుని ఇంటికొచ్చేశాడు.

మళ్ళీ వెళ్ళలేదు.

ఆ వైశాఖంలోనే శరభయ్య గారికి జబ్బు ముదిరింది. అమలాపురం నుంచి డాక్టరు వచ్చి నాడి చూశాడు. "కబురు చెయ్యవలసినవాళ్ళకి చేసుకోండి" అని చెప్పి, చెప్పులు తొడుక్కున్నాడు.

మధ్యాహ్నం. నేల మీద దర్భలు పరిచి ఆయన్ని పడుకోబెట్టారు. అచ్చయమ్మ గారు తులసి వేసిన నీళ్ళు భర్త పెదవుల మీద చుక్క చుక్కగా వేస్తోంది. శ్యామలాంబ గోడకి ఆనుకుని నిలబడింది. అరుగు మీద ఇరుగుపొరుగు. గుమ్మంలో రైతు సూరయ్య. వీధి చివర ఎడ్లని ఆపుకుని ఆయన గొంతు విన్నవాళ్ళలో అతనొకడు.

పైన ఫ్యాను గరగరమంటూ తిరుగుతోంది. ఆ చప్పుడే కాస్త ఆసరా అనుకున్నాడు గంగాధరం.

కరెంటు పోయింది.

కరెంటాఫీసు గుమాస్తా ఇంట్లోనే, ఆ వేళప్పుడే. మామూలు రోజైతే ఎవరో ఒకరు హాస్యమాడి ఉండేవారు. ఫ్యాను రెక్కలు మెల్లగా ఆగిపోయాయి. కొబ్బరాకు కదలడం లేదు. కాకి అరవడం లేదు. ఒక్క ఊపిరి మాత్రం... వచ్చి, ఆగి... చాలాసేపు ఆగి, మళ్ళీ వస్తోంది.

"బండి కట్టించమంటారా అమ్మగారూ?" అన్నాడు సూరయ్య మెల్లగా. "అమలాపురం నించి పండితుల్ని తీసుకొచ్చేత్తానండి."

అచ్చయమ్మ గారు కొడుకు వంక చూసింది.

"వాడున్నాడుగా సూరయ్యా."

అంతే అంది. ఆ మాటకి గంగాధరం కదిలాడు. ఎలా వచ్చి కూర్చున్నాడో తెలియదు. తండ్రి తల పక్కన మోకాళ్ళ మీద వంగాడు. విభూతి వాసన. చెవి మీద తెల్లటి వెంట్రుకలు. నోరు దగ్గర పెట్టాడు.

రాలేదు.

మాటలన్నీ ఉన్నాయి. రోజూ నీళ్ళకి చెప్పినవే. వీపు మీద అందరి చూపులు. అందరి చెవులు. ఇల్లంతా సభ అయిపోయింది. ఏదైనా చప్పుడు కావాలి... ఒక బస్సు హారను, ఒక గాలివాన, దాక్కోవడానికి ఏదో ఒకటి. ఏదీ లేదు. గోదారి జిల్లా అంతా ఊపిరి బిగబట్టి కూర్చున్నట్టుంది.

ఊపిరి వచ్చింది. ఆగింది.

మళ్ళీ మధ్యలో ఆగిపోతే?

అప్పుడు తెలిసింది అతనికి తన భయం ఏమిటో. ఆగిపోతే అందుకోవడానికి ఆ రోజు పక్కన నాన్నగారున్నారు. ఇవాళ అందుకునే గొంతు ఈ నేల మీద పడుకుని ఉంది. ఇక ఎప్పటికీ అందుకోదు. ఆ సంగతి తలుచుకునేసరికి ఏడుపు పొర్లుకొచ్చింది. ఏడుపుతో పాటే, దాన్ని తోసుకుంటూ, మొదటి మాట బయటికొచ్చింది.

బొంగురుగా వచ్చింది. వణుకుతూ వచ్చింది.

రెండో మాట వచ్చింది.

తరవాత మాటకి మాట దారిచ్చింది. గొంతు తడి అయింది, తేరుకుంది, లేచింది. చెవి దాటి గదిలోకి, గది దాటి అరుగు మీదికి, అరుగు దాటి వీధిలోకి. సూరయ్య భుజం మీద తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. శ్యామలాంబ పమిట చెంగు నోట్లో కుక్కుకుంది. ఇన్నాళ్ళూ ఈ మనిషితోనేనా కాపరం చేసింది! వీధిలో పోతున్నవాళ్ళు ఆగారు. శరభయ్య గారికి తగ్గిందేమో అనుకున్నారట కొందరు, లేచి కూర్చుని చెబుతున్నారేమో అని.

భయం ఎప్పుడు పోయిందో అతనికి తెలియలేదు. చూసుకునే తీరిక లేదు. ఒక పనస. ఇంకో పనస. ఎక్కడా ఆగలేదు. ఒక్క స్వరం జారలేదు. చివరి మాట దాకా వెళ్ళాడు.

తల ఎత్తి, నాన్నగారి మొహం చూశాడు.

కళ్ళు అరమూతలుగా ఉన్నాయి. పెదవుల మీద తులసినీళ్ళ తడి. ఛాతీ కదలడం లేదు.

చూశాడు. ఇంకా చూశాడు.

కదలడం లేదు.

"అమ్మా... నాన్నగారు... ఎప్పుడు?"

అచ్చయమ్మ గారు ఉలిక్కిపడి భర్త వంక చూసింది. చేతిలో గిన్నె నేల మీద పెట్టింది.

"తెలీదు నాయనా. నేను నీ నోరే చూస్తూ ఉండిపోయేను."

శ్యామలాంబ వంక తిరిగాడు. ఆవిడ తల అడ్డంగా ఊపింది. సూరయ్య వంక తిరిగాడు.

"నేను ఇంటా ఉండిపోయేనండి బాబూ. అయ్యగారి వంక సూళ్ళేదండి."

అందరూ విన్నారు. ఎవరూ చూడలేదు.

చివరి పనసకి పోయారా? మొదటి పనసకే పోయారా? లేక అంతకు ముందే... తను నోరు ఎండి, ఏ చప్పుడు వస్తుందా అని కాచుకుని కూర్చున్నాడే, అప్పుడా? విన్నారా? ఒక్క మాటైనా విన్నారా? చెప్పగలిగేది ఆయన ఒక్కరే.

అచ్చయమ్మ గారు పెద్దగా ఏడ్చింది. అరుగు మీదివాళ్ళు లోపలికొచ్చారు. ఎవరో నీళ్ళు తోడడానికి నూతి దగ్గరికి వెళ్ళారు. చేదగొలుసు చప్పుడయింది. ఇందాక ఎంత వెతికినా దొరకని చప్పుళ్ళన్నీ ఇప్పుడు ఒక్కసారే వచ్చిపడ్డాయి.

"ఇంక లెగండి బాబూ" అన్నాడు సూరయ్య, భుజం మీద చెయ్యి వేసి. "చెయ్యాల్సింది చేసేరండి తవరు."

గంగాధరం లేవలేదు.

మళ్ళీ వంగాడు. మొదటి పనస, మొదటి మాట నుంచి మొదలుపెట్టాడు.

చెవి ఇంకా వెచ్చగానే ఉంది.