ఎల్డన్ తిప్పిపంపిన ఉత్తరం

మంగళవారం ఎల్డన్ హౌగన్ పోయాడు. గురువారం పొద్దున బెర్నీస్ అతని కుర్చీలో కూర్చుని, ‘మావాళ్ల’కు కబురు చేసే పని మొదలుపెట్టింది.

మావాళ్లంటే చుట్టాలు కాదు. వాళ్లుండే డులూత్ ఊళ్లో చుట్టాలకు ఎవరూ కబురు పెట్టనక్కర్లేదు, చర్చి కింది హాల్లో కాఫీ కాచేవాళ్లు ఆ పని ఎప్పుడో చేసేశారు. ఎల్డన్ ‘మావాళ్లు’ అనేది పాత కంప్యూటర్లు బాగుచేసుకునే నాలుగువందల మందిని. వాళ్ల ఈమెయిల్ బృందాన్ని ఇరవయ్యారేళ్లుగా నడిపింది అతనే. ఒక్కరి ముఖం చూసి ఎరగడు. అయినా ఆస్పత్రిలో, గొంతు పూర్తిగా పోకముందు, “మావాళ్లకి చెప్పు బెర్నీ, ఎదురుచూస్తుంటారు” అన్నాడు. ఆమె సరేనంది. శనివారమే అంత్యక్రియలు. ఆమెకు వాళ్ల ఫోన్ నంబర్లు తెలియవు, పేర్లూ తెలియవు. ఉన్నదల్లా బృందం చిరునామా ఒక్కటే.

కబురు చెడ్డదైనా చూడముచ్చటగా పంపాలనుకుంది బెర్నీస్. అంచుల చుట్టూ ఊదారంగు పూలతీగ పెట్టింది. వంకులు తిరిగిన అక్షరాలు ఎంచుకుంది. గడ్డకట్టిన సరస్సు మీద చేపను ఎత్తి పట్టుకుని నవ్వుతున్న ఎల్డన్ ఫోటో పైన అతికించింది. పంపింది. నిమిషంలో ఉత్తరం తిరిగొచ్చింది, ఎల్డన్ పేరు మీద.

“మిత్రమా, మీ ఉత్తరం రంగులతో, బొమ్మలతో వచ్చింది. మాలో కొందరు చదివేది ఆకుపచ్చ అక్షరాలు తప్ప మరేమీ చూపించలేని పాత తెరల మీద. మీ అలంకారమంతా వాళ్లకు రెండు పేజీల చెత్తగా కనిపిస్తుంది. దయచేసి ఒట్టి అక్షరాలతో పంపండి. ఎల్డన్.”

అడుగున ఉన్న పేరు ఆమె రెండుసార్లు చదివింది. ఎప్పుడో అతను రాసిపెట్టిన ముక్కల్నే యంత్రం పంపిందని అర్థమయ్యాక మాత్రం ఒళ్లు మండింది. పుట్టినరోజు కానుకను వార్తాపత్రికలో చుట్టి ఇచ్చే మనిషి! నలభయ్యొక్క ఏళ్లు భరించింది చాలదా? మనసొప్పకపోయినా ఫోటో తీసేసి మళ్లీ పంపింది. అదే జవాబు వచ్చింది.

అప్పుడే ఎల్డన్ చెల్లెలు ఫిలిస్ ఓవెన్‌లో వండిన హాట్‌డిష్ కూర పళ్లెం పట్టుకుని వచ్చింది. తెర మీదకు తొంగి చూసి, “పోయాక కూడా నీ మీద పెత్తనం మానలేదన్నమాట మా అన్నయ్య” అంది.

“మీ అన్నయ్యకి నా పూలు చెత్తట. చదువు.”

ఫిలిస్ చదివి, నవ్వు ఆపుకోలేక కిసుక్కుమంది. తర్వాత నెమ్మదిగా, “వదిలెయ్ వదినా. ముక్కూ మొహం తెలీనివాళ్లు. వాళ్లేమన్నా వచ్చి శవపెట్టె మోస్తారా?” అంది.

“మొయ్యక్కర్లేదు. చెప్తానని మాటిచ్చాను.”

ఈసారి పూలతీగ పీకేసింది. వంకుల అక్షరాలు కూడా అలంకారమేనని ఆమెకు తట్టలేదు. మూడోసారీ ఉత్తరం తిరిగొచ్చింది, కాని ఈసారి జవాబు వేరు.

“మిత్రమా, ఇది మూడోసారి. ఇన్నిసార్లు ప్రయత్నించారంటే మీ దగ్గర చెప్పాల్సిన సంగతేదో ఉంది. పై వరసలో ‘ఒట్టి అక్షరాలు’ అని ఉంటుంది, నొక్కి చూడండి. అప్పటికీ కుదరకపోతే నాకు ఫోన్ చేయండి. మీరు చెబుతుంటే నేను రాసుకుని అందరికీ పంపుతాను. నా నియమం వల్ల మీ మాట ఆగిపోకూడదు.”

కింద ఉన్నది వంటింటి గోడ ఫోన్ నంబరు.

బెర్నీస్ కళ్లద్దాలు తీసి పక్కన పెట్టింది. భోజనం చల్లారిపోతున్నా ఆ ఫోన్ చెవికి ఆనించుకుని, పెన్సిల్ పట్టుకుని, “మెల్లగా చెప్పండి, రాసుకుంటున్నాను” అంటూ నిలబడేవాడు ఎల్డన్. ఎవరితోనని ఆమె ఏనాడూ అడగలేదు, గిన్నెల మీద మూతలు మాత్రం చప్పుడయ్యేలా పెట్టేది. ఆ మూతలన్నీ ఇప్పుడు గుర్తొచ్చి సిగ్గుపడింది.

అతను చెప్పినదాన్ని నొక్కింది. వంకులన్నీ పోయి అక్షరాలు సాదాగా నిలబడ్డాయి. ఆ బృందంలో జవాబు అడుగున గంపగుత్తగా రాయరు, అవతలివాళ్ల మాట ఒక్కొక్కటీ ఉంచి దాని కిందే బదులిస్తారు. అతని భుజం మీంచి చూసి చూసి ఆమెకు ఆ పద్ధతి తెలుసు. బృందానికి అలాగే రాసింది.

> మిత్రమా, ఇది మూడోసారి.
అవును. నాకివి చేతకావు. నేను బెర్నీస్‌ని, ఎల్డన్ భార్యను.

> మీ దగ్గర చెప్పాల్సిన సంగతేదో ఉంది.
ఎల్డన్ మంగళవారం పోయాడు. శనివారం పదకొండింటికి డులూత్‌లో, మా వీధి చివరి లూథరన్ చర్చిలో అంత్యక్రియలు. మీకు చెప్పమన్నాడు.

> అప్పటికీ కుదరకపోతే నాకు ఫోన్ చేయండి.
చేయండి. నేను తీస్తాను.

పంపింది. నిమిషం గడిచింది, రెండు గడిచాయి. ఉత్తరం తిరిగి రాలేదు. తిరిగొస్తే బాగుండునని, అతని దగ్గర్నుంచి ఇంకొక్క చీవాటు వస్తే చాలునని బెర్నీస్ తెరవంకే చూస్తూ కూర్చుంది. ఫిలిస్ ఆమె భుజం మీద చెయ్యేసింది.

వంటింట్లో ఫోన్ మోగింది.

అవతల ఎవరో ముసలాయన. కెనడాలోని సస్కచువాన్ నుంచట. పేరు చెప్పాడు. తనకు రాయడం చేతకాదని, ఎప్పుడూ ఎల్డనే రాసిపెట్టేవాడని, ఇప్పుడేమనాలో తెలియడం లేదని గొణిగాడు.

బెర్నీస్ గూట్లోంచి ఎల్డన్ పెన్సిల్ అందుకుంది.

“మెల్లగా చెప్పండి. రాసుకుంటున్నాను.”