కుండ పక్క చోటు

"తినే పుల్లల్ని అన్నంలో నిలువుగా గుచ్చకూడదు, చనిపోయినవాళ్లకు అలా పెడతారు" అని రాసి, లేచి అన్నం కుండ దించాను. అది తొమ్మిదో నియమం. మా ఇంట్లో బస చేసే విదేశీయుల కోసం మర్యాదల కాగితం రాయమని నా భర్త ఖియెమ్ పురమాయించాడు. పెళ్లికి ముందు బడిలో ఇంగ్లీషు చెప్పేదాన్ని. ఆ చదువు ఇలా పనికొస్తోంది. చెప్పులు గుమ్మం బయట విడవాలి. ఏదిచ్చినా, పుచ్చుకున్నా రెండు చేతులతో. తినేముందు తనకన్నా పెద్దవాళ్లందరినీ వయసు వరుసలో పిలిచి, తినమనాలి.

మర్నాడు మా అమ్మ తద్దినం. మా పుట్టిల్లు నామ్ దిన్‌కి బస్సు పొద్దున ఆరింటికి. రెండేళ్లుగా వెళ్లలేదు, రెండుసార్లూ అతిథులున్నారు. ఈసారి వారం ముందే ఖియెమ్‌ని అడిగాను. "అమ్మనడుగు" అన్నాడు. అత్తయ్యనడిగితే, "మీ మామయ్య భోజనానికి కూర్చున్నప్పుడు అడుగు" అంది.

చాప మీద నా చోటు చివర, కుండ పక్కన. కోడలు అక్కడే కూర్చుంటుంది. ఒకరి గిన్నె నింపేలోగా ఇంకొకరిది ఖాళీ అవుతుంది. పిలవడమూ నా పనే: "మామయ్యా తినండి, అత్తయ్యా తినండి, ఏమండీ తినండి." ఇంట్లో నాకన్నా చిన్నవాళ్లు లేరు. నాకు పిల్లలు పుట్టలేదు. అందుకని పెళ్లయిన ఈ పన్నెండేళ్లలో నన్ను ఎవరూ పిలవలేదు.

ఆ సాయంత్రం నాకన్నా ముందు ఇంగ్రిడ్ మొదలుపెట్టింది. మా ఇంట్లో దిగిన డెన్మార్క్ పిల్ల. నేను రాస్తుండగానే కాగితం చదివి, మా మాటలు నా దగ్గర పలికించుకుని బట్టీ పట్టింది.

"తాతగారూ తినండి. మామ్మగారూ తినండి. అన్నయ్యా తినండి."

ఆపై నా వైపు తిరిగింది. "అక్కా, తినండి."

అత్తయ్య నవ్వింది. "దాన్ని పిలవడానికి ఊరుగాని ఊరు నుంచి మనిషి రావాల్సొచ్చింది. నువ్వే నేర్పావుటే, థోవా?"

"లేదత్తయ్యా."

నా చేతిలో గరిటె ఉంది. ఇప్పుడు అడక్కపోతే ఇక లేదనిపించింది.

"మామయ్యా, రేపు అమ్మ తద్దినం. పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేస్తాను."

మామయ్య ఖాళీ గిన్నె నా వైపు చాచాడు. నింపాను.

"రేపు ఏడుగురు దిగుతున్నారు" అన్నాడు ఖియెమ్. "మీ అన్నయ్య చేస్తాడుగా. నువ్వు లేకపోతే తద్దినం ఆగిపోతుందా?"

మామయ్య కొడుకు మాటకు తల ఊపి తినడం మొదలుపెట్టాడు.

"ఏమంటున్నారక్కా?" అని ఇంగ్రిడ్ ఇంగ్లీషులో అడిగింది.

"అన్నం బాగా కుదిరిందంటున్నారు."

"అవును, చాలా బాగుంది" అంటూ ఆమె కూడా గిన్నె చాచింది. నేను రాసినట్టే, రెండు చేతులతో.

లేచేటప్పుడు ఖియెమ్ అన్నాడు: "ఆ కాగితంలో ఇంకో ముక్క చేర్చు. మా అమ్మానాన్నల్ని పిలిస్తే చాలని. ఊరికే నవ్వులాట అవుతోంది."

గిన్నెలు తోమాక పదో నియమం రాశాను: "కుండ పక్కన కూర్చున్న మనిషిని పిలవనక్కర్లేదు." గోడకి అంటించాను.

కుండలో ఒక గిన్నెడు అన్నం మిగిలింది, నా వంతు. అడుగు గీకి గిన్నెలోకి తీశాను. పెరటి మెట్టు మీద పెట్టి, పుల్లలు నిలువుగా గుచ్చాను.

"అమ్మా, తిను" అన్నాను.

కుండలో ఇక అన్నం లేదు.