కిందికి దిగే బొమ్మ

మెట్ల మీంచి జారిపడ్డాక నా కుడిచెయ్యి భుజం దాటి పైకి లేవడం మానేసింది. ఇక ఇంతేనమ్మా అని డాక్టరు చల్లగా చెప్పేశాడు. అప్పటికి మా అత్తయ్య నిలువెత్తు బొమ్మ పాదాల నుంచి మెడదాకా పూర్తయింది. మొహం ఒక్కటే మిగిలింది. తన బొమ్మ వేస్తున్నానని ఆవిడకు తెలియదు. మోకాళ్ల నొప్పులతో ఆవిడ మేడ ఎక్కి ఏళ్లయింది.

మా ఆయన దగ్గర్నుంచి రంగులు అమ్మే షాపతని దాకా అందరిదీ ఒకటే పాట, చిన్న బొమ్మలు వేసుకోవచ్చుగా అని. నాకు ఒళ్లు మండిపోయింది. మనిషిని మనిషంత వేయలేకపోతే నేను కుంచె పట్టడమే దండగ. ఎడమచేత్తో ఒక ముక్కు వేసి చూశాను, వంకాయలా వచ్చింది. స్టూలెక్కితే మా ఆయన పరుగెత్తుకొచ్చి దింపేస్తున్నారు. సరే, చెయ్యి పైకి పోకపోతే బొమ్మే కిందికి రావాలి అనుకున్నాను.

బజార్లో దొరికే స్టాండ్లు ఇంత పెద్ద బొమ్మకు చాలవు. పాత సామాన్ల కొట్లో రెండు తలుపు చట్రాలు కొని, కర్రకు కర్ర అతికి, రెండు పొడవాటి నిలువు కర్రలు తయారుచేశాను. వాటి లోపలివైపు గాడి తీశాను. ఆ గాడుల్లో పైకీ కిందికీ జారే అడ్డకర్ర మీద బొమ్మ కూర్చుంటుంది. పైన గిలకలు, తాడు, తాడు రెండో కొసన ఇసుక సంచి. సంచి, బొమ్మ ఒకే బరువుంటే వేలితో తోసినా చాలు.

చిక్కల్లా నేలతోనే. తల నా గుండెల దగ్గరికి రావాలంటే కాళ్లు నేల కిందికి పోవాలి. నా గదిది చెక్క నేల. దూలాల మధ్య కోసేస్తే సరి. కాకపోతే దాని కింద అత్తయ్య గది ఉంది.

"ఇది ఇల్లనుకున్నావా, ఓడనుకున్నావా?" అని మా ఆయన నెత్తీ నోరూ కొట్టుకున్నారు. నేను నేరుగా అత్తయ్య దగ్గరికే వెళ్లాను.

"అత్తయ్యా, మీ గది కప్పుకి కన్నం పెడతాను. రెండు కర్రలు కూడా దిగుతాయి."

"నా మంచం మీద దుమ్ము పడిందో, చూడు మరి!"

"దుప్పటి కప్పుతాలెండి."

"అయితే ఇంకేం, కానీయ్."

నేల కోసి, కర్రలు దింపి, బొమ్మ బదులు ఖాళీ చట్రంతో పరీక్షిస్తే వెన్నలా జారింది. నా అంత పనిమంతురాలు లేదనుకుని, బొమ్మ ఎక్కించి, అటు తిరిగి రంగు కలుపుకుంటున్నాను. పొరలు పొరలుగా పూసిన రంగుకూ బరువుంటుందని మరిచేపోయాను. ఇసుక సంచి నెమ్మదిగా పైకి పోయింది. కింది నుంచి కేక వినిపించింది.

"అమ్మాయ్! కప్పులోంచి ఎవరో దిగుతున్నారే!"

గబగబా తాడు పట్టుకున్నాను. అప్పటికే పాదాలు ఆవిడ మంచం పక్కన వేలాడుతున్నాయి.

"బొటనవేలి మీదికెక్కిన ఈ వేలు నాదే కదూ?"

"మీదే అత్తయ్యా."

"మొహం ఏదే?"

"వేయలేదు. చెయ్యి అందలేదు."

"ఇప్పుడందుతుందిగా. వేయవేం?"

సంచిలో ఇంకాస్త ఇసుక పోసి, జారకుండా కర్రకు మేకు దించాను. బొమ్మ మెడ నా ఛాతీకి తిన్నగా నిలిచింది. మొదటి గీత గీశాను. భుజం కిక్కురుమనలేదు. ఆ రోజంత సంతోషం నాకు ఈమధ్య ఎప్పుడూ కలగలేదు. "కళ్లకింద ముడతలు ఎగ్గొట్టకు" అని కింది నుంచి అజమాయిషీ ఒకటి.

మొహం పూర్తయి, రంగు ఆరాక మేకు తీసి బొమ్మను మొత్తం కిందికి వదిలాను. కన్నం పక్కన మోకాళ్ల మీద కూర్చుని చెవులు రిక్కించాను.

"అమ్మాయ్, నేనింత కోపిష్టిదాన్నా?"

"కాస్త తగ్గించే వేశాను."

ఆవిడ నవ్వింది. తర్వాత ముక్కు చీదుకున్న చప్పుడు వినిపించింది. నాకూ కళ్లు చెమర్చాయి.

"ఈసారి మనిద్దర్నీ వేయి. పక్కపక్కన."

"అంత వెడల్పు ఈ కన్నంలో పట్టదు అత్తయ్యా."

"రంపం ఇంట్లోనే ఉందిగా! ఇంకాస్త కోయి."