ఎన్నో ఏట మొదలుపెట్టారు

ఎన్నో ఏట అంటే ఏం చెప్పాలి, పద్దెనిమిదో ఏట అన్న మాట పోలారావు నాలుక చివరిదాకా వచ్చేసింది, రెండేళ్లుగా ఇంట్లో చెప్పి చెప్పి నున్నగా అరిగిపోయిన మాట, పిలవకుండానే వస్తుంది, మంచం పక్కన నిలబడ్డ సర్వే పిల్ల ట్యాబు మీద వేలు పెట్టుకుని ఓపిగ్గా చూస్తోంది, ఊరేది, వయసెంత, తాగేది బోరు నీళ్లా నూతి నీళ్లా, మద్యం అలవాటుందా, ఉంటే ఎన్నో ఏట మొదలుపెట్టారు, అన్నిట్లాంటిదే ఆమెకీ ప్రశ్న, ఎడమ చేతిలో రెండు సూదులు, వాటి నుంచి ఎర్రటి గొట్టాలు, మిషను తన పాటికి తాను రక్తం కడుగుతోంది, ఇంకా రెండు గంటలు కదలడానికి లేదు, ఇక్కడ కూడా అబద్ధమాడితే ఆ అబద్ధం ఏ కాగితంలోకి పోయి కూర్చుంటుందో, నేదమ్మా అన్నాడు, ఎప్పుడూ నేదు, సుక్క కూడా ముట్టలేదు, ఆమె ఓ గడిలో వేలు తాటించి పక్క మంచానికి వెళ్లిపోయింది.

పక్క మంచం సింహాద్రిది, బారువలో కొబ్బరికాయలు దింపేవాడు, ఒకప్పుడు రోజుకి నలభై చెట్లెక్కిన మనిషి ఇప్పుడు ఈ మంచం ఎక్కడానికి ఆయాసపడుతున్నాడు, అతనూ అదే చెప్పాడు, వాసనే పడదమ్మా అని, ఆ పిల్ల అటు తిరగ్గానే ఇటు తిరిగి నవ్వాడు, సూడు బావా, ఎవులొచ్చినా ముందు అదే అడుగుతారు, కిడ్నీలెందుకు పోతన్నాయో తేలుత్తామని మనూరి నీళ్లు సీసాల్లో పట్టుకెళ్లినోలు కూడా ఓ కంట మన నోరు వాసన సూత్తనే ఉన్నారు, మనం తాగితే ఆలకి పనైపోద్ది కదా. పోలారావు తలెత్తాడు, గోడ గడియారం పదీ పది చూపిస్తోంది, పదకొండుకి బస్సు, కాశీబుగ్గ కాంప్లెక్సులో భానుప్రకాష్ ఆ బస్సెక్కుతాడు, రెండింటికి టెక్కలి కాలేజీలో పోటీ.

మద్యం తాగే వయసు ఇరవై ఒకటి నుంచి పద్దెనిమిదికి తగ్గించాలా వద్దా అన్నది పోటీ విషయం, తగ్గించకూడదు అనే వైపు భాను, పలాసలో డిగ్రీ రెండో ఏడు చదివే కొడుకు, నిన్న సాయంత్రం జీడితోటలో చెట్లకి చెబుతున్నాడు ఉపన్యాసం, గేదెను తోలుకొస్తూ పోలారావు విన్నాడు, గొంతు బాగుంది వెధవకి, ఎక్కడ ఆపాలో తెలుసు, విని మురిసిపోయాడు కూడా, ఎంతసేపు, ఆ మాట వచ్చేదాకానే, అధ్యక్షా, ఉదాహరణకి నేను దూరం వెళ్లక్కర్లేదు, మా నాన్న పద్దెనిమిదో ఏట తాగుడు మొదలుపెట్టాడు, ఇవాళ వారానికి మూడు రోజులు మిషను మీద బతుకుతున్నాడు, అని చెయ్యి గాల్లో నిలబెట్టి ఆగాడు, చప్పట్ల కోసం ఆగడం అది, చెట్లు కొట్టలేదు గానీ టెక్కలిలో కొడతారు, ఎందుకు కొట్టరు, కొట్టి హమ్మయ్య అనుకుని ఇళ్లకి పోతారు. గేదె తాడు ఎప్పుడు జారిపోయిందో పోలారావుకి తెలియలేదు.

ఆ మాట నేర్పింది ఎవరు మరి, తనే కదా, రెండేళ్ల కిందట అమ్మవారి సంబరం నుంచి వాడు తూలుకుంటూ వచ్చాడు, ఇంటర్ చదివే పిల్లాడు, పదిహేడేళ్లు, నోట్లోంచి బ్రాందీ కంపు, పోలారావు కిడ్నీలు పోయాయని డాక్టరు చెప్పి అప్పటికి నెల, కళ్లలో భయం ఆరలేదు, ఆ భయం లోంచే పుట్టింది అబద్ధం, ఒరే, నీయీడులోనే నానూ మొదలెట్టాను, సూడు నా గతి, అనేశాడు, పొయ్యి దగ్గర రత్నాలమ్మ గరిటె పట్టుకున్న చెయ్యి అలాగే ఆగిపోయింది, పెళ్లయిన ఇరవై రెండేళ్లలో మొగుడు సీసా పట్టుకోగా చూడని మనిషి, ఒక్క మాటనలేదు, ఎందుకనలేదంటే వాడి మొహం పాలిపోవడం ఆమె కూడా చూసింది, మందు పనిచేస్తోందని ఆమెకీ అర్థమైంది. పనిచేసింది కూడా, ఆ రోజు నుంచి వాడు సీసా ముట్టలేదు, ఇద్దరూ ఆ రాత్రి గెలిచినట్టే పడుకున్నారు.

గెలిచారా, ఏం గెలిచారు, మొదట్లో వాడు బండి మీద తనే ఈ డయాలసిస్ సెంటరుకి తెచ్చి దింపేవాడు, తిరిగొచ్చాక గుమ్మంలోనే అడిగేవాడు, ఈయేల ఎన్ని లీటర్లు తీసారు నాన్నా అని, రెండు రోజులుగా ఒంట్లో నిలిచిపోయిన నీరు మిషను ఎంత లాగిందో అది, క్యాలెండరు మీద తేదీ పక్కన రాసేవాడు, మూడు నెలలు రాశాడు, తరవాత గళ్లు ఖాళీ, బండికి పనుందన్నాడు, ఆటోలో వెళ్లమన్నాడు, ఓ రోజు తల్లి జీడిపప్పు ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టి నల్లబడ్డ చేతులు కడుక్కుంటుంటే చూసి, తన వైపు తిరగనైనా తిరక్కుండా అన్నాడు, నువ్వు తాగి తెచ్చుకున్నావు, అమ్మెందుకు మొయ్యాలి. ఆ మాటకి జవాబు గొంతులో ఉంది, రెండు ముక్కల జవాబు, నోరు తెరిస్తే అయిపోను, తెరవలేదు, తన పరువు పోతే పోయింది పిల్లాడు బాగుంటే చాలనుకున్నాడు, అదేదో పెద్ద త్యాగమనుకుని లోలోపల కాస్త పొంగిపోయాడు కూడా, సిగ్గుచేటు.

ఇప్పుడు చెబితే ఏమవుతుంది, అదీ ఆలోచించాలి, పోటీలో అవతలి వైపు వాళ్లు చెప్పేది తప్పని కాదు, ఓటుకి పద్దెనిమిది, మిలట్రీకి పదిహేడున్నర, చేతికి తుపాకీ ఇస్తారు గానీ గ్లాసు ఇవ్వరా అంటే అదీ న్యాయమే, ఇరవై ఒకటి అని రాసి ఉంది సరే, ఊళ్లో బెల్టు షాపు దగ్గర వయసు అడిగిన వాడెవడు, పొరుగింటి ఢిల్లీరావు పదహారో ఏట మొదలుపెట్టాడు, యాభై దాటాయి, ఇప్పటికీ కొబ్బరి బస్తా ఒంటి చేత్తో ఎత్తుతాడు, ఎత్తి, పోలారావు తాగనోడు, ఆడికే పోనాయి కిడ్నీలు, తాగితే ఏటవుద్దిరా అని కుర్రాళ్లకి చెబుతుంటాడు, భాను ఆ మాట కొట్టిపారేస్తాడు, తండ్రి నోటితోనే విన్నాడు కదా, ఇప్పుడు తండ్రి తాగలేదని తెలిస్తే వాడు కూడా వెళ్లి దానికి తలూపుతాడేమో, అదే భయం, రెండేళ్లుగా నోరు కట్టేసింది ఆ భయమే.

బావా, నిద్రా, అన్నాడు సింహాద్రి. కాదు, చూస్తున్నాడు, ఈ హాల్లో ఉన్న మంచాలు చూస్తున్నాడు, ఆ మూల మంచం మీద ఇరవై ఆరేళ్ల కుర్రాడు, కిటికీ దగ్గర ముసలామె, మొహానికి కొంగు కప్పుకుని, ఆమె ఎన్నో ఏట మొదలుపెట్టిందట, ఊరూరా కిడ్నీలు పోతున్న ఉద్దానం కుర్రాడే స్టేజీ ఎక్కి మా నాన్న తాగి పోగొట్టుకున్నాడంటే ఇక నీళ్లెందుకు, మట్టెందుకు, ఎవరైనా ఎందుకు వెతకాలి, సింహాద్రి కూడా తాగినవాడే అయిపోతాడు, ఆ ముసలామె కూడా, తన కొడుకుని కాపాడుకోవడానికి ఇంతమంది మీద బురద చల్లాడన్నమాట, అదీ వాళ్ల పక్కనే పడుకుని. కాదు, ఇది సాగకూడదు, వాడు తాగనీ, మాననీ, పోటీలో ఓడిపోనీ, చెప్పాలి, బస్సు కదిలేలోగా చెప్పాలి, పదీ యాభై అయింది, సిస్టరమ్మా, ఆ సొక్కా జేబులో ఫోనుంది, కొంచెం అందించవా.

నాలుగోసారి మోగాక ఎత్తాడు, వెనక కండక్టరు కేక, టెక్కలి టెక్కలి, ఏటి నాన్నా, ఒంట్లో బాగోలేదా, గొంతులో చిరాకుందో కంగారుందో తెలియలేదు, చేతిలో సూదుల దగ్గర రక్తం జుమ్ము జుమ్మని కొట్టుకుంటోంది, మెల్లగా చెబుదామనుకున్న మాటలన్నీ ఎటో పోయాయి, ఒరే భానూ, నాను ఎప్పుడూ తాగలేదురా, అన్నాడు, సంబరం నాడు సెప్పింది అబద్దం, నువ్వు తాగుతావేటోనని భయమేసి సెప్పాను, మీ యమ్మకి తెలుసు, నన్నడిగితే పిల్లలకి సీసా ఇరవై ఒకటికీ వద్దు, అది నువ్వు గట్టిగా సెప్పు, నా కిడ్నీలు మాత్రం అందులో ఎట్టకు, అవి ఎందుకు పోనాయో ఎవులికీ తెలీదు.

అవతల బస్సు కదిలింది, గేరు మారింది, ఎవరో చిల్లర అడుగుతున్నారు, ఫోను పెట్టేశాడేమో అనుకుని చెవి నుంచి తీసి చూశాడు, అంకెలు నడుస్తూనే ఉన్నాయి, మళ్లీ చెవికి పెట్టుకున్నాడు, సింహాద్రి ఇటే చూస్తున్నాడు, నవ్వడం లేదు, అప్పుడు వినిపించింది వాడి గొంతు, జీడితోటలో విన్న గొంతు కాదు, గుమ్మంలో విన్న పాత గొంతు, ఈయేల ఎన్ని లీటర్లు తీత్తన్నారు నాన్నా.

మూడు, అన్నాడు పోలారావు, మూడు లీటర్లురా. ఇవాళ టెక్కలిలో వాడేం మాట్లాడతాడో తెలియదు, రేపు ఢిల్లీరావు పక్కన కూర్చుంటాడో లేదో తెలియదు, అది వాడు తేల్చుకోవాలి, సీసాకి ఏ వయసు పెట్టాలో ప్రభుత్వం తేల్చుకోవాలి, ఒక్కటి మాత్రం ఈ మంచం మీద ఇవాళ తేలిపోయింది, నిజం వినడానికి వాడికి వయసు ఎప్పుడో వచ్చింది, చెప్పడానికి తనకే నలభై ఎనిమిదేళ్లు పట్టింది.